వర్షసూచన – వరదసూచన: ఒక విమర్శ

వానకాలపు ఉదయమున సికిందరాబాదు పద్మారావునగరులో ఒక గృహస్థు వార్తాపత్రిక తెరచి వాతావరణ సూచన చదువుననుకొందము. "రాష్ట్రములో కొన్ని చోట్ల మోస్తరు వర్షములు, ఒకటి రెండు చోట్ల భారీ నుండి అతి భారీ వర్షములు కురియు అవకాశము కలదు" అని అందులో ఉండును. ఆయన గొడుగు చేతబట్టుకొని బయలుదేరును. అంతకు మించి ఆ వాక్యముతో ఆయన చేయగలిగినది ఏమియు లేదు. ఆ "ఒకటి రెండు చోట్ల" అనునది స్కందగిరి వీధియా, లేక మూడువందల కిలోమీటర్ల దూరమున ఉన్న ఆదిలాబాదు అడవియా? ఆ వాన పగలు కురియునా, రాత్రి కురియునా? కురిసినచో వాకిట చీలమండ లోతు నీరు నిలుచునా, మోకాలి లోతు నిలుచునా? ఈ ప్రశ్నలకు ఆ వాక్యమున సమాధానము లేదు.

కావ్యములను విమర్శించువారు పెక్కుమంది కలరు. కాని ఏ కావ్యముకంటెను ఎక్కువమంది చదువు ఈ రెండు పంక్తులను శ్రద్ధగా విమర్శించువారు అరుదు. చెప్పిన వాన పడనిచో నవ్వుట, చెప్పని వాన పడినచో తిట్టుట – ఇవి విమర్శ కావు. సూచన దేనిని చెప్పుటకు పూనుకొన్నది? శాస్త్రము ఎంతవరకు చెప్పగలదు? చెప్పగలిగిన దానిని వినువానికి పనికివచ్చునట్లు చెప్పుచున్నదా? ఈ మూడింటిని విచారించుటయే విమర్శ. అట్లు విచారించినచో, మన సూచనల ముఖ్యలోపము ఆకాశమును చదువుటలో కంటె, నేలమీదకు దిగివచ్చుటలోనే ఉన్నట్లు తోచును. సూచన వానతో ఆగిపోవుచున్నది. మనుష్యుని ముంచునది నీరు.

మాటల వెనుక ఉన్న కొలతలు

మొదట న్యాయముగా ఒక మాట చెప్పవలెను. పై వాక్యములోని పదములు యథాలాపముగా వాడినవి కావు. భారత వాతావరణ శాఖ 1875లో స్థాపింపబడినది. దాని పరిభాషలో ప్రతి పదమునకు ఒక కొలత కలదు. ఇరువదినాలుగు గంటలలో 64.5 మిల్లీమీటర్ల నుండి 115.5 మిల్లీమీటర్ల వరకు కురిసినది "భారీ" వర్షము. 115.6 నుండి 204.4 వరకు "అతి భారీ". అది దాటినచో "అత్యంత భారీ". అట్లే "ఒకటి రెండు చోట్ల" అనగా ఆ ప్రాంతములోని వర్షమాన కేంద్రములలో నూటికి 25కు మించకుండ అని అర్థము. "కొన్ని చోట్ల" అనగా 26 నుండి 50 వరకు. జిల్లాలకు వేయు రంగులకు కూడ అర్థము కలదు. పసుపు గమనించుచుండుమనును, నారింజ సిద్ధముగా ఉండుమనును, ఎరుపు చర్య తీసికొనుమనును.

ఈ నిర్వచనములు శాస్త్రీయములే. కాని అవి పాఠకునకు తెలియవు. నిఘంటువు లేక చదువలేని కావ్యమునకు ఎంతమంది పాఠకులుందురో, నిర్వచనము తెలియక చదువబడు సూచనకు అంతటి ప్రయోజనమే ఉండును. ఉన్నత పాఠశాలలో త్రిభుజముల సూత్రములు నేర్పునప్పుడు ఈ మూడు అంకెలు కూడ నేర్పుట కష్టము కాదు.

రెండవ లోపము ఇంకను లోతైనది. ఈ కొలతలన్నియు ఇరువదినాలుగు గంటల మొత్తమునకు సంబంధించినవి. మన దేశమున వర్షపు దినము ఉదయము 8.30 గంటలకు ముగియును. నూరు మిల్లీమీటర్ల వాన రోజంతయు సన్నగా కురిసినచో రైతు సంతోషించును, నగరము తడియును, అంతే. ఆ నూరు మిల్లీమీటర్లే ఒక గంటలో కురిసినచో వీధులు కాలువలగును. సూచనలో రెండింటికి ఒకటే పేరు – "భారీ వర్షము". వానయొక్క మొత్తము వేరు, తీవ్రత వేరు. పల్లపు వీధిని ముంచునది తీవ్రత.

వాన ఎట్లు వరద యగును?

ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో సరిగా ఒక లీటరు నీరగును. ఈ లెక్కను పొడిగించినచో, ఒక చదరపు కిలోమీటరుపై నూరు మిల్లీమీటర్లు కురిసినచో పదికోట్ల లీటర్లగును. అందులో ఎంత ఇంకును, ఎంత పారును, ఎంత వేగముగా పారును అనుదానిపై వరద ఆధారపడును.

పట్టణ కాలువల నిర్మాణములో ఇంజనీర్లు చిరకాలముగా వాడు ఒక సులభ సూత్రము కలదు. గరిష్ఠ ప్రవాహము మూడింటి లబ్ధమునకు సమానము: నేల విస్తీర్ణము, వాన తీవ్రత, పారుదల గుణకము. పారుదల గుణకమనగా కురిసిన దానిలో ఇంకక పారిపోవు భాగము. ఒక చదరపు కిలోమీటరు నేలపై గంటకు 60 మిల్లీమీటర్ల తీవ్రతతో వాన కురియుచున్నదనుకొందము. అది తోటలు, మట్టినేల గల ప్రాంతమైనచో, గుణకము 0.3 అనుకొన్న, సెకనుకు 5 ఘనమీటర్ల నీరు పారును. అదే ప్రాంతమున డాబాలు, సిమెంటు వీధులు వచ్చి గుణకము 0.8 అయినచో, సెకనుకు 13 ఘనమీటర్లు దాటును. మేఘము మారలేదు, సూచన మారలేదు. వరదమాత్రము రెండున్నర రెట్లు పెరిగినది.

పద్మారావునగరు, చిలకలగూడ, వారాసిగూడ, ముషీరాబాదు ప్రాంతములలో ఒకప్పటి పెంకుటిండ్లు, పెరడులు పోయి అంతస్తుల భవనములు వచ్చినవి. రాతిగుట్టలు, ఎత్తుపల్లములు గల ఈ నేలపై పడిన నీరు నాలాలగుండ పోయి తుదకు మూసీని చేరవలసినదే. కావున నిన్నటి వానకు ఇచ్చిన హెచ్చరిక నేటి అదే వానకు చాలదు. నేల మారినప్పుడెల్ల సూచనయొక్క అర్థము కూడ మారును. ఈ మార్పును లెక్కలోనికి తీసికొనని సూచన సగము సూచన.

1908 నేర్పిన పాఠము

ఇది క్రొత్తగా తెలిసిన సంగతి కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది హైదరాబాదును ముంచెను. ఆ వరదలో మరణించినవారు సుమారు 15,000 మంది యని సాధారణముగా చెప్పుదురు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఇప్పటికిని కలదు; ఆనాడు దానిపైకెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆరవ నిజాము మహబూబ్ ఆలీఖాన్ ప్రభుత్వము మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. 1909లో ఆయన పరిశీలన జరిపి నివేదిక సమర్పించెను.

ఆ పరిశీలనలోని రెండు అంశములను జతచేసి చదువవలెను. మొదటిది వాన: శంషాబాదులో ఒక దినమున 12.8 అంగుళములు, అనగా 325 మిల్లీమీటర్లు, కురిసెను. రెండవది చెరువులు: నగరమునకు ఎగువ మూసీ పరీవాహక ప్రాంతమున 788 చెరువులుండెను – ఇంచుమించు చదరపు మైలుకొక చెరువు. వానిలో 221 తెగిపోయెను. అనగా నగరమును ముంచినది ఆకాశమునుండి దిగిన నీరు మాత్రమే కాదు. చెరువులలో అదివరకే నిలిచియున్న నీరు కూడ. ఒక చెరువు తెగినచో దాని నీరు క్రింది చెరువుపై పడును, అదియు తెగును. వర్షమాపకము ఎంత చక్కగా పనిచేసినను ఈ గొలుసు దానిలో కనబడదు.

విశ్వేశ్వరయ్యగారి సలహానుసరించి ఎగువన రెండు జలాశయములు వెలసెను. మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, దాని ఉపనదియైన ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. ఎగువనుండి వచ్చు వరదను నిలుపుటకు అవి చేసిన మేలు తక్కువది కాదు.

అయితే 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన ఇంకొక విషయమును బయటపెట్టెను. ఆ ఉదయము కాకినాడ సమీపమున తీరము దాటిన తీవ్ర వాయుగుండము పడమరగా కదలి తెలంగాణముపైకి వచ్చెను. బేగంపేట కేంద్రమున 191.8 మిల్లీమీటర్లు నమోదయ్యెను. అక్కడికి తూర్పుగా సుమారు పాతిక కిలోమీటర్ల దూరమున ఘట్‌కేసరు ప్రాంతమున 32 సెంటీమీటర్లు నమోదయ్యెను. ఒకే రాత్రి, ఒకే వాయుగుండము. బేగంపేటలో కురిసినది "అతి భారీ", ఘట్‌కేసరులో కురిసినది "అత్యంత భారీ". పద్మారావునగరు బేగంపేటకు సుమారు ఐదు కిలోమీటర్ల దూరమున ఉన్నది. అక్కడివారు బేగంపేట అంకెను తమదిగా భావించుట అలవాటు. ఆ అలవాటు ఎంత ప్రమాదకరమో ఈ రెండు అంకెల తేడాయే చెప్పును.

ఇంకొక సంగతి. ఎగువ జలాశయములు ఎగువ నీటినే ఆపగలవు. నగరము నెత్తిమీదనే కురిసిన వానను ఆపలేవు. ఆ రాత్రి శంషాబాదు దారిలోని గగన్‌పహాడ్ వద్ద అప్పచెరువు తెగెను. మరి కొన్ని దినములకు బాలాపురము వైపు గుఱ్ఱంచెరువు తెగెను. 1908లో 221 చెరువులు చెప్పిన పాఠమునే 112 సంవత్సరముల తరువాత ఈ రెండు చెరువులు మరల చెప్పినవి.

పెద్దనది ఇచ్చు వ్యవధి

మన వరదసూచనలన్నియు లోపభూయిష్ఠములే అనుట అన్యాయము. భద్రాచలమున గోదావరికి ఇచ్చు సూచనను చూడుడు. అక్కడ నీటిమట్టము 43 అడుగులు చేరినచో మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. ఈ మూడు అంకెలు అధికారులకే కాదు, అక్కడి సామాన్య ప్రజలకును తెలియును. "భారీ" అను మాటకు బదులు "అడుగు" అను కొలత; "ఒకటి రెండు చోట్ల" అనుదానికి బదులు ఒకే ఒక స్థలము. 1986 ఆగస్టులో అక్కడ నీరు 75.6 అడుగులకు లేచెను. 2022 జూలై 16న 71.3 అడుగులు చేరెను. ఈ అంకె వినగానే ఏ వీధివరకు నీరు రాగలదో అక్కడి పెద్దలు చెప్పగలరు. సూచన నేలమీదకు దిగివచ్చుట యనగా ఇదియే.

ఇది ఎట్లు సాధ్యమైనది? గోదావరి 1,465 కిలోమీటర్ల పొడవు గల నది. ప్రాణహిత, ఇంద్రావతి నీరు కలసిన తరువాత ఆ వరద ఏటూరునాగారము, దుమ్ముగూడెముల మీదుగా భద్రాచలము చేరవలెను. ఎగువ కేంద్రమున మట్టము కొలిచినచో దిగువ కేంద్రమున కొన్ని గంటల తరువాత ఎంత మట్టముండునో గత వరదల అనుభవముతో లెక్కింపవచ్చును. భద్రాచలమునుండి ధవళేశ్వరమునకు గరిష్ఠ వరద చేరుటకు ఇంచుమించు ఒక దినము పట్టును. ఇచ్చట సూచనకర్త ఆకాశమును ఊహింపనవసరము లేదు. నేలమీద అదివరకే ఉన్న నీటిని కొలిచి, దాని ప్రయాణమును లెక్కించిన చాలును. మన దేశమున ఇట్టి శాస్త్రీయ వరదసూచన 1958లో ఢిల్లీవద్ద యమునానదికి మొదలైనది; ఇప్పుడు కేంద్ర జలసంఘము పెక్కు నదులకు ఇచ్చుచున్నది.

పెద్దనదికి కూడ చిక్కులు లేకపోలేదు. భద్రాచలమునకు దిగువ కూనవరమువద్ద శబరి వచ్చి కలియును. గోదావరి పొంగియున్నప్పుడు శబరి నీరు పోవుటకు దారిలేక వెనుకకు తన్నును. ఆపైన పాపికొండల నడుమ నది ఇరుకుదారిన పోవలెను. అయినను మొత్తముమీద ఈ సూచన మన శాస్త్రజ్ఞులు గర్వింపదగినది. దాని బలమంతయు నది పొడవులో ఉన్నది. నది పొడవే కాలవ్యవధి.

కొండవాగు ఇవ్వని వ్యవధి

అట్టి వ్యవధి లేని చోటనే అసలు పరీక్ష. 2021 నవంబరులో బంగాళాఖాతమునుండి వచ్చిన వాయుగుండమువలన తిరుమల, శేషాచలము, పాలకొండల ప్రాంతములలో కుంభవృష్టి కురిసెను. వాయుగుండము తీరము దాటుననియు, భారీ వర్షములు పడుననియు ముందుగనే చెప్పబడెను. కొండలమీద పడిన ఆ నీరు బాహుదా, పింఛ వాగులగుండ చెయ్యేటికి దిగెను. ఎగువన పింఛ జలాశయపు కట్ట తెగెను. నవంబరు 19 ఉదయము రాజంపేట సమీపమున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయెను. జలాశయమునకు వచ్చిన ప్రవాహము దాని గేట్లు విడువగలిగినదానికి మించెను. పైగా ఐదు గేట్లలో ఒకటి పనిచేయు స్థితిలో లేకుండెను. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట గ్రామములపై నీరు విరుచుకొని పడెను. పదులకొలది ప్రాణములు పోయెను.

ఇచ్చట వర్షసూచన తప్పినదనుటకు వీలులేదు. వర్షము చెప్పినట్లే వచ్చెను. అయినను పులపత్తూరు గ్రామస్థునకు కావలసిన వాక్యము – "ఈ రాత్రి కట్ట ప్రమాదములో ఉన్నది, తెల్లవారకముందే మెరకకు పొండు" అనునది – ఆ సూచనలో లేదు, ఉండుటకును వీలులేదు. ఆ వాక్యము పుట్టవలెనన్నచో వాన అంకె, వాగు ప్రవాహము, జలాశయమట్టము, గేట్ల స్థితి – ఈ నాలుగును ఒక్కచోట చేరవలెను. అవి నాలుగు శాఖల పుస్తకములలో వేరువేరుగా ఉన్నంతకాలము సూచన ఎంత సూక్ష్మమైనను ప్రయోజనము స్వల్పమే.

2024 సెప్టెంబరు 1న విజయవాడలో జరిగినదియు ఇట్టిదే. ఆ నగరమున వరద యనగానే అందరి చూపు కృష్ణానదివైపు, ప్రకాశం బ్యారేజివైపు పోవును. నిజమునకు ఆ వరదలో బ్యారేజివద్ద ప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి రికార్డు సృష్టించెను. కాని సింగునగరు మొదలగు ప్రాంతములను ముంచినది కృష్ణ కాదు. ఉత్తరపు కొండవైపునుండి వచ్చు బుడమేరు అను చిన్న ఏరు. పెద్దనదికి గజముబద్ద ఉన్నది, కాపలా ఉన్నది. చిన్నఏటిని అంత శ్రద్ధతో చూచువారు తక్కువ.

గళ్లలో ఇమడని కొండలు

కొండప్రాంతమున వానను ముందుగా చెప్పుట ఎందుకు కష్టమో విద్యార్థులు సులభముగా గ్రహింపవచ్చును. తేమగాలి కొండకు తగిలి పైకి లేచును, లేచినకొలది చల్లబడును, చల్లబడిన గాలి తన తేమను వానగా విడుచును. కావున కొండకు గాలివైపున కుంభవృష్టి, అవతలివైపున చినుకులు. ఈ భేదము కొద్ది కిలోమీటర్లలోనే కలుగును.

నేటి సూచన కంప్యూటరు లెక్కలతో తయారగును. ఆ లెక్కకు భూమినంతయు గళ్లుగా విభజింతురు. 2025 మే నెలలో మన దేశమున వాడుకలోనికి వచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో ఒక్కొక్క గడి 6 కిలోమీటర్లది; అంతకుముందు వాడిన దానిలో 12 కిలోమీటర్లది. ఇది నిజముగా మెచ్చుకొనదగిన ప్రగతి. అయినను గడిలోపల ఉన్న కొండ శిఖరము, లోయ కలసి ఒక సగటు ఎత్తుగా మారిపోవును. పద్మారావునగరు అంతయు ఒక గడిలో ఒక మూల ఇమిడిపోవును. ఆ లెక్కకు ఈ వీధి, ఆ వీధి అను భేదము తెలియదు.

అంతకంటె విమర్శింపదగినది ఇంకొకటి కలదు. సూచనలు జిల్లాలవారీగా ఇవ్వబడును. జిల్లా యనునది పాలనకొరకు మనుష్యులు గీసిన గీత. నీటికి ఆ గీత కనబడదు. నీరు ఎరిగిన హద్దు ఒక్కటే – పరీవాహక ప్రాంతము. ఈ విషయమును గుర్తించియే 2020 అక్టోబరులో భారత వాతావరణ శాఖ దక్షిణాసియా దేశములకొరకు ఆకస్మిక వరదల మార్గదర్శక వ్యవస్థను ప్రారంభించినది. నేపాలు, భూటాను వంటి పర్వతదేశములు కూడ అందులో చేరినవి. చిన్నచిన్న పరీవాహక ప్రాంతములుగా నేలను విభజించి, ఇదివరకే ఎంత తడిసియున్నది, ఇంకెంత వాన పడినచో వాగు పొంగును అని లెక్కించుట దాని పద్ధతి. దారి సరియైనది. ఆ లెక్క గ్రామముదాక, వీధిదాక, వారి భాషలో చేరవలసి ఉన్నది.

సూచనను ఎట్లు తూచవలెను?

"పదింట తొమ్మిది సూచనలు నిజమైనవి" అని చెప్పినచో వినుటకు బాగుండును. కాని ఆ గొప్ప ఎంతటిదో 1884లోనే తేలినది. అమెరికా సైన్యమునకు చెందిన ఫిన్లీ అను అధికారి టార్నడో సుడిగాలులను ముందుగా చెప్పు ప్రయత్నము చేసెను. ఆయన చేసిన 2,803 సూచనలలో 2,708 నిజమైనవి. అనగా నూటికి 96.6. వెంటనే విమర్శకులు ఒక చిన్న లెక్క వేసిరి. ఏ దినమును టార్నడో రాదు అని కన్నుమూసికొని చెప్పినచో 2,752 నిజమై ఉండును. అనగా నూటికి 98.2! ఫిన్లీ టార్నడో వచ్చునని చెప్పినవి నూరు. అందులో వచ్చినవి 28. చెప్పకుండ వచ్చినవి 23.

అరుదైన విపత్తులను తూచుటకు మొత్తము ఒప్పుల సంఖ్య పనికిరాదని దీనివలన తెలియుచున్నది. చూడవలసినవి రెండు: చెప్పక వచ్చినవి ఎన్ని, చెప్పి రానివి ఎన్ని. మొదటిది తగ్గించుటకై ప్రతి మబ్బుకు ఎరుపు రంగు వేసినచో రెండవది పెరుగును; జనులు హెచ్చరికను లెక్కచేయుట మానుదురు. కావున ప్రతి సంవత్సరాంతమున ఈ రెండు అంకెలు జిల్లాకొక్కటిగా ప్రజలముందు సులభమైన తెలుగులో ఉంచబడినచో సూచనపై గౌరవము పెరుగునే గాని తరగదు.

ఇంకొక మెట్టు కూడ కలదు. శాస్త్రజ్ఞులు నేడు ఒకే లెక్కతో తృప్తిపడరు. ఆరంభస్థితిని కొంచెము కొంచెము మార్చి అదే లెక్కను పెక్కుసార్లు చేయుదురు. యాబది లెక్కలలో పదింట కుంభవృష్టి కనబడినచో, సంభావ్యత సుమారు నూటికి 20 అనుకొందురు. ఈ అంకె పత్రిక చేరునప్పటికి "అవకాశము కలదు" అను మాటలో మునిగిపోవును. మునిగిపోయినది చిన్న వస్తువు కాదు. పల్లపు వీధిలో ఒక కిరాణా వర్తకుడు బియ్యపు బస్తాలను అటకపైకి చేర్చుటకు 500 రూపాయల కూలి అగుననుకొందము. చేర్చక నీరు వచ్చినచో 20,000 నష్టము. ఐదువందలను ఇరువదివేలతో భాగింపగా నూటికి రెండున్నర. సంభావ్యత అంతకు మించినచో బస్తాలు ఎక్కించుటయే వివేకము. అదే వీధిలో ఒక సభ జరుపువారికి సభ మానుకొన్నచో 50,000, వానలో చిక్కినచో లక్ష నష్టమనుకొందము; వారికి నూటికి 50 దాటవలెను. సంభావ్యత 20 అయినప్పుడు వర్తకుడు బస్తాలు మోయవలెను, సభవారు సభ జరుపవలెను. ఒకే అంకె ఇద్దరికి రెండు సరియైన పనులను చెప్పినది. "అవకాశము కలదు" అను మాట ఇద్దరికిని ఏమియు చెప్పలేదు. ప్రజలకు సంభావ్యత అర్థము కాదని దాచుట కన్న, అర్థమగునట్లు నేర్పుట మంచిది.

పాఠశాలలు చేయదగిన పని

ఆకాశమును గూర్చిన లెక్క నిపుణులది. నేలమీది కొలత అందరిది. తెలంగాణమున స్వయంచాలక వాతావరణ కేంద్రములు సుమారు వేయి కలవు; హైదరాబాదులో డాప్లర్ రాడారు కలదు. అయినను రెండు వీధులకు వాన మారిపోవునని 2020 అక్టోబరు చూపినది. ఈ లోటును తీర్చుటలో పాఠశాలలు తోడ్పడగలవు.

నిలువు గోడలు గల ఒక రేకుడబ్బా, ఒక స్కేలు చాలును. డబ్బా వెడల్పు ఎంతయైనను చింతలేదు, వెడల్పు పెరిగినచో పట్టు నీరు ఎంత పెరుగునో, ఆ నీరు పరచుకొను అడుగుభాగము కూడ అంతే పెరుగును, లోతు మారదు. దానిని చెట్లకు, గోడలకు దూరముగా ఆరుబయట సమతలమున ఉంచవలెను. ప్రతిదినము ఉదయము 8.30కు లోతు కొలిచి వ్రాయవలెను. పెద్దవాన పట్టినప్పుడు మాత్రము పావుగంటకొకసారి చూడవలెను. అప్పుడే తీవ్రత తెలియును. వాన వెలిసిన వెంటనే, పాఠశాల దారిలో ఏ మూల ఎన్ని సెంటీమీటర్ల నీరు నిలిచినదో, ఎంతసేపటికి తీసినదో వ్రాసికొనవలెను.

పద్మారావునగరు, చిలకలగూడ, వారాసిగూడ, ముషీరాబాదుల పాఠశాలలు ఈ పట్టికలను రెండు వానకాలములపాటు పోల్చుకొన్నచో, పావుగంటలో ఎన్ని మిల్లీమీటర్లు పడినచో ఏ వీధి మునుగునో వారికి తెలిసిపోవును. భద్రాచలమునకు 43, 48, 53 ఉన్నట్లు ఆ వీధికి కూడ దాని అంకెలు ఏర్పడును. అప్పుడు నిపుణుల సూచన వానిని అందుకొనుటకు ఒక మెట్టు దొరకును.

వాతావరణ శాఖ తన పనిని శ్రద్ధగనే చేయుచున్నది; తుపానులను కొన్ని దినములముందే చెప్పుచు వేలకొలది ప్రాణములను కాపాడుచున్నది. ఈ విమర్శ ఆ శ్రమను చిన్నబుచ్చుటకు కాదు. వాన ఎన్ని మిల్లీమీటర్లో చెప్పుటతో శాస్త్రము సగము దారి వచ్చినది. ఆ వాన ఎన్ని అడుగుల నీరగునో, ఆ నీరు ఎన్ని గంటలకు ఎవరి గడప తాకునో చెప్పుట మిగిలిన సగము. ఆ సగము దారి ఆకాశములో లేదు. చెరువు కట్టమీద, నాలా ఒడ్డున, పాఠశాల ఆవరణలో ఉన్నది.